సబ్సిడీ గేదె ఎవరింట నిలుస్తుంది?

గ్రామీణ పేదల కోసం మన ప్రభుత్వాలు నడిపిన స్వయం ఉపాధి పథకాలను అర్థం చేసుకోవడానికి ఒక గేదె చాలు. నలభై అయిదేళ్లలో పథకాల పేర్లు మారాయి, ఆఫీసుల ముందు బోర్డులు మారాయి, సబ్సిడీ శాతాలు పెరిగాయి, తగ్గాయి. పాడి గేదె మాత్రం దాదాపు ప్రతి పథకంలోనూ ఉంది. అందుకే లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. సెంటు భూమి లేదు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్తారు. గేదె ధర 90 వేలు అనుకుందాం. అందులో 30 వేలు సబ్సిడీ, మిగిలిన 60 వేలు బ్యాంకు అప్పు. మూడేళ్లలో తీర్చాలంటే వడ్డీతో కలిపి నెలకు సుమారు 2 వేల కిస్తీ. రెండు పూటలా కలిపి అయిదు లీటర్లు పాలకేంద్రంలో పోస్తే, లీటరుకు 50 రూపాయల చొప్పున నెలకు 7,500 వస్తాయి. గడ్డి, తవుడు, దాణా అన్నీ కొనాల్సిందే కాబట్టి మేపుకు రోజుకు 130, నెలకు 3,900. కిస్తీ కూడా పోగా చేతిలో 1,600 మిగులుతుంది. దరఖాస్తుకు జతచేసే కాగితంలో సాధారణంగా కనబడేది ఈ సంఖ్యే. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

అయితే గేదె ఏడాది పొడుగునా పాలివ్వదు. తొమ్మిది నెలలు ఇస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఈనేదాకా నాలుగైదు నెలలు వట్టిపోతుంది. పాలిచ్చే తొమ్మిది నెలల్లో మిగిలింది 14,400. వట్టిపోయిన అయిదు నెలల్లో మేపు తగ్గించి రోజుకు 60 రూపాయలే పెట్టినా నెలకు 1,800. దానికి 2 వేల కిస్తీ కలిపితే 3,800. అయిదు నెలలకు 19 వేలు. అంటే పద్నాలుగు నెలలు గడిచేసరికి ఆ కుటుంబం తన కూలి డబ్బుల్లోంచి ఎదురు 4,600 పెట్టుకుంది. మందులు, బీమా, గేదెను చూసుకోవడానికి మానుకున్న పని రోజులు ఇందులో కలపనే లేదు.

ఇప్పుడు అదే గేదెను పక్క వీధిలో రెండెకరాల వరి రైతు ఇంట్లో కట్టేద్దాం. వరిగడ్డి సొంతం. గట్ల మీద పచ్చగడ్డి సొంతం. కొనేది తవుడు, దాణా మాత్రమే. మేపు ఖర్చు సగానికి పడిపోతుంది. మిగతా అంకెలేవీ మార్చకుండా మళ్లీ లెక్క కడితే, ఆ పద్నాలుగు నెలలకు అతనికి 17 వేల పైచిలుకు మిగులుతుంది. మూడేళ్లు గడిచాక గేదె ఇద్దరికీ సొంతమే, దూడలూ ఉంటాయి. కానీ ఆ మూడేళ్లు దాటగలిగేది రైతే. భూమి లేనివాడు మధ్యలో ఏదో ఒక వట్టి నెలలో, పిల్లకు జ్వరం వచ్చిన వారంలో, దాన్ని సంతకు తోలేస్తాడు. అప్పు మాత్రం ఖాతాలో ఉండిపోతుంది.

ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి, మొత్తాలు మారతాయి, కథ పెద్దగా మారదు. సబ్సిడీ పేదవాడి పేరు మీద వస్తుంది, లాభం మాత్రం అంతకుముందే కొంత ఉన్నవాడి ఇంట్లో నిలుస్తుంది. పథకాలు విఫలమయ్యాయంటే అవినీతి వల్లేనని మనం తేల్చేస్తాం. అవినీతి నిజమే. అది ఒక్క రూపాయి కూడా లేకపోయినా పై లెక్క అలాగే వస్తుంది.

ఈ పరంపరలో దేశమంతటా నడిచిన మొదటి పెద్ద పథకం సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం. జనం నోట్లో ఐఆర్‌డీపీ. 1978-79లో కొన్ని బ్లాకుల్లో మొదలై, 1980 అక్టోబరు 2 నుంచి అన్ని బ్లాకులకూ విస్తరించింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,500 రూపాయల లోపు ఉంటే పేదలుగా లెక్కగట్టేవారు. సన్నకారు రైతుకు, వ్యవసాయ కూలీకి, చేతివృత్తుల వారికి మూడో వంతు సబ్సిడీ, ఎస్సీ, ఎస్టీలకు సగం, మిగిలింది బ్యాంకు అప్పు. బ్లాకుకు ఏటా 600 కుటుంబాలు అని లక్ష్యం పెట్టారు. ఎక్కడ పాలు కొనే కేంద్రం ఉంది, ఎక్కడ పశువుల డాక్టరు ఉన్నాడు, ఎక్కడ మేత దొరుకుతుంది అని చూడకుండా, ఎడారి పక్క బ్లాకుకూ డెల్టా బ్లాకుకూ అదే సంఖ్య.

లక్ష్యం ఒత్తిడి ఎలా పనిచేస్తుందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మార్చి నెలాఖరుకు గేదెలు ‘కొనాలి’. దళారి పది గేదెలు తోలుకొస్తాడు. డాక్టరు ధ్రువపత్రం ఇస్తాడు, ఫోటో తీస్తారు, చెవికి బీమా బిళ్ల వేస్తారు. వారం తిరక్కుండా అవే గేదెలు ఇంకో ఊళ్లో ఇంకొకరి పేరు మీద ఫోటో దిగుతాయి. లబ్ధిదారు చేతికి సబ్సిడీలో కొంత నగదు, దళారికి కొంత, ఆఫీసులో కొంత. ఇంకో తమాషా కూడా ఉంది. నిజంగానే గేదె చచ్చిపోయినవాడు బీమాకు వెళ్తే, చెవి బిళ్ల తెస్తేనే డబ్బు అంటారు. బిళ్ల ఎప్పుడో పొదల్లో ఊడిపోయి ఉంటుంది.

ఇదంతా అప్పట్లోనే ఆర్థికవేత్తలు చూశారు. ఐఆర్‌డీపీతో గరీబీ హటావో సాధ్యమేనా అని నీలకంఠ రథ్ 1985లోనే నిలదీశారు. పేదల్లో చాలామందికి కావలసింది అప్పు మీద ఆస్తి కాదు, గిట్టుబాటు కూలికి నికరమైన పని అని ఆయన వాదన. 1990లో జాన్ డ్రెజ్ ఇంకొంచెం కటువుగా ఇది ఒక భ్రమ అన్నారు. ప్రభుత్వం 1992-93లో తానే చేయించిన మూల్యాంకనంలో, ఏడాదికి 11 వేల రూపాయల దారిద్ర్యరేఖ దాటిన లబ్ధిదారు కుటుంబాలు నూటికి 16 మాత్రమేనని తేలింది. పాత రేఖ 6,400 పెట్టుకుంటే సగానికి పైగా దాటారు. రేఖను ఎక్కడ గీస్తే ఫలితం అక్కడ! 1999లో పథకం ఆగేనాటికి అయిదు కోట్లకు పైగా కుటుంబాలకు సాయం అందినట్టు లెక్క.

తెలుగు జిల్లాల్లో దీని పిల్ల పథకం ఒకటి తల్లిని మించిపోయింది. 1982లో మొదలైన డ్వాక్రా. పదీ పదిహేను మంది ఆడవాళ్లను ఒక జట్టుగా చేసి, అందరికీ కలిపి కొంత మూలధనం ఇచ్చి, అప్పడాలో బుట్టలో చేయించాలన్నది మొదటి ఆలోచన. అప్పడాల సంగతి అంతంతమాత్రం. వాటిని కొనేదెవరు? కానీ జట్టు నిలిచింది. నెల్లూరు జిల్లాలో దూబగుంటతో పేరు తెచ్చుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1990ల ఆరంభంలో ఆడవాళ్లను వీధుల్లోకి తెచ్చింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామన్న పొదుపు ఉద్యమం ఆ ఊపులోనే పాకింది. అదే కాలంలో, 1992లో, నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. ఆస్తి తాకట్టు లేకుండా, సంఘం హామీ మీద అప్పు.

1999లో కేంద్రం పాత పథకాలన్నిటినీ కలిపి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన పెట్టింది. 2000లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్)ను స్థాపించి ప్రపంచ బ్యాంకు అప్పుతో ‘వెలుగు’ నడిపింది. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. సంఘం పైన గ్రామ సమాఖ్య, దానిపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్లు అక్కడే రూపుదిద్దుకున్నాయి. 2011లో కేంద్రం తెచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ చాలావరకు ఈ నమూనాను దేశమంతా పరిచింది. మన పల్లెల నుంచి డ్వాక్రా మహిళలు బిహారుకూ ఉత్తరప్రదేశ్‌కూ రాజస్థాన్‌కూ వెళ్లి, భాష సరిగా రాకపోయినా అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘాలు కట్టించారు. ఈ విషయానికి మనం ఇవ్వాల్సినంత గుర్తింపు ఇవ్వలేదు. ఇవాళ దేశంలో 10 కోట్లకు పైగా మహిళలు, 90 లక్షల దాకా సంఘాలు ఈ గొడుగు కింద ఉన్నాయి.

మరి ఇంత పెద్ద వ్యవస్థ పేదలకు స్వయం ఉపాధి ఇచ్చిందా?

సమాధానం తొందరపడి చెప్పలేం. ముందు వడ్డీ లెక్క చూద్దాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు. ఏడాదికి 24. ఒక కుటుంబానికి 50 వేల అప్పు ఉండి ఏడాదంతా అలాగే ఉంటే వడ్డీకే 12 వేలు పోతాయి. బ్యాంకు నూటికి 12 చొప్పున ఇస్తే 6 వేలు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 రూపాయలు. గడువు తప్పకుండా కట్టిన సంఘాలకు అంతకు మించిన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. ఈ లెక్కన వడ్డీ 1,500. తర్వాత వడ్డీ లేని రుణాల పథకం వచ్చి ఆ 1,500 కూడా కట్టే పని లేకుండా పోయింది.

ఇప్పుడు పోల్చండి. గేదె కొన్న భూమిలేని కుటుంబం పద్నాలుగు నెలల్లో 4,600 నష్టపోయింది. ఏ గేదే కొనకుండా, ఏ వ్యాపారమూ పెట్టకుండా, రెండు రూపాయల వడ్డీ అప్పును పావలా వడ్డీ సంఘం అప్పుతో తీర్చేసిన కుటుంబం ఏడాదిలో 10,500 మిగుల్చుకుంది. రిస్కు లేదు, మేత లేదు, డాక్టరు లేడు. మన సంఘాలు పేదలకు చేసిన అసలు మేలు ఇదని నా అభిప్రాయం. ‘డ్వాక్రా డబ్బులు పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ ఖర్చుపెడుతున్నారు, ఉత్పత్తికి వాడటం లేదు’ అని ఏసీ గదుల్లో బాధపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆసుపత్రి ఖర్చుకు పొలం పుస్తకం తాకట్టు పెట్టకుండా ఆపిన అప్పు ఉత్పాదకం కాకపోతే మరేది ఉత్పాదకం?

అయితే అది అప్పు భారం తగ్గించడం. ఉపాధి వేరు. ఈ తేడాను లెక్కలతో చూపించింది ఆచార్య ఆర్. రాధాకృష్ణ నాయకత్వంలోని కమిటీ. స్వరోజ్‌గార్ యోజనలో రుణ సమస్యల మీద 2009లో అది నివేదిక ఇచ్చింది. దేశంలో ఆ పథకం కింద ఏర్పడిన 22 లక్షల సంఘాల్లో బ్యాంకు అప్పు పొందగలిగినవి నూటికి 22 మాత్రమే. శిక్షణ అందినవాళ్లు నూటికి ఆరుగురు. సంఘాలు అందరికన్నా బలంగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కూడా, ఈ పథకం కింద పెట్టుకున్న పనుల వల్ల ఒక్కొక్కరికి పెరిగిన ఆదాయం నెలకు 1,228 రూపాయలేనని కమిటీ అంచనా. ఎంచుకున్నవన్నీ పాత పద్ధతి, తక్కువ రాబడి పనులు కావడమే కారణం అంది.

సంఘంలో అప్పు పంచుకునే తీరు కూడా దీనికి కొంత కారణం. బ్యాంకు సంఘానికి 10 లక్షలిస్తే పదిమందీ తలా లక్ష పంచుకుంటారు. న్యాయంగానే ఉంది, గొడవలుండవు. కానీ కిరాణా కొట్టు పెట్టాలనుకున్న మనిషికి మూడు లక్షలు కావాలి, లక్ష చాలదు. అక్కర్లేని మనిషి తన లక్షను పక్కవాళ్లకు వడ్డీకి తిప్పుతుంది. పోనీ పెద్ద మొత్తం ఒక్కరికే ఇద్దామంటే, ఆమె కట్టకపోతే తొమ్మిదిమంది మోయాలి. ఈ ముడి ఇప్పటికీ విడలేదు. అవసరం ఆగదు కాబట్టి జనం ప్రైవేటు మైక్రోఫైనాన్స్ దగ్గరికీ వెళ్లారు. వారంవారం వసూళ్లు, ఒకే ఇంటికి నాలుగైదు చోట్ల అప్పులు, వేధింపులు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థల కట్టడికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సంఘాల సొంత రుణ సంస్థగా స్త్రీనిధి పుట్టింది. తర్వాత 2014 ఎన్నికల రుణమాఫీ హామీలు. మాఫీ వస్తుందని కిస్తీలు ఆపిన సంఘాలు ఆంధ్రప్రదేశ్‌లో తక్కువేం కాదు. కిస్తీ ఆగితే వడ్డీ రాయితీ పోతుంది, అప్పు పెరుగుతుంది. ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న క్రమశిక్షణ ఒక ఎన్నికల సభలో కదిలిపోతుందని అప్పుడు తెలిసింది.

సరే, అప్పే సమస్య అయితే గేదెను ఉచితంగా ఇచ్చేస్తే? ఈ ప్రయోగమూ జరిగింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కటిక పేదలకు అప్పు కాకుండా ఉచితంగా ఆస్తి, కొన్ని నెలలపాటు తిండి ఖర్చు, శిక్షణ, వారంవారం ఇంటికి వచ్చి మంచిచెడ్డలు చూసే మనిషి, ఇలా రెండేళ్ల దాకా తోడుంటారు. ఆరు దేశాల్లో దీన్ని పరీక్షించి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. మన దేశంలో వాళ్లు చూసింది పశ్చిమ బెంగాల్‌ను. సాయం ఆగిన తర్వాత కూడా తిండీ ఆదాయమూ మెరుగ్గానే నిలిచాయి.

అదే నమూనాను మెదక్ జిల్లాలో కూడా ఒక సంస్థ అమలు చేసింది. జొనథన్ బాషే, జొనథన్ మోర్డక్, షమికా రవి దాన్ని అధ్యయనం చేశారు. పశువుల మీద ఆదాయం పెరిగింది. కానీ కుటుంబం మొత్తం ఆదాయం పెరగలేదు! కారణం వెతికితే, గేదెల వెనక తిరిగినవాళ్లు కూలికి వెళ్లడం తగ్గింది. ఆ కాలంలో అక్కడ వ్యవసాయ కూలి రేట్లు బాగా పెరుగుతున్నాయి. పథకంలో లేనివాళ్లు ఆ కూలితోనే వీళ్లతో సమానంగా వచ్చేశారు. పథకం పాడైపోలేదు, పాలూ అమ్ముడయ్యాయి. కుడిచేత్తో వచ్చింది ఎడమచేత్తో పోయింది, అంతే.

బెంగాల్‌లో ఫలించినది మెదక్‌లో ఫలించకపోవడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పాఠంగా కనిపిస్తుంది. మనం మొదట్లో కట్టిన గేదె లెక్కలో మానుకున్న కూలిని కలపలేదని చెప్పాను కదా, అసలు లెక్క అక్కడే ఉంది. వేరే పని దొరకని చోట, దొరకని మనిషికి, ఆస్తి బతుకు మారుస్తుంది. ఒంటరి మహిళ, దూరం వెళ్లలేని వృద్ధురాలు, దివ్యాంగుడు, ఏడాదిలో సగం రోజులు పని ఉండని మెట్ట ఊరి కుటుంబం. రోజుకూలి గిట్టుబాటుగా దొరికే చోట, ఒంట్లో సత్తువున్న మనిషికి, గేదె మరో చాకిరీ అవుతుంది. కాబట్టి జిల్లాకింతమంది లబ్ధిదారులు అని పైనుంచి సంఖ్య పంపే పద్ధతి 1980లో ఎంత తప్పో ఇప్పుడూ అంతే తప్పు. బిహార్ 2018లో కటిక పేదల కోసం సతత్ జీవికోపార్జన్ యోజన తెచ్చింది. అక్కడ కుటుంబాలను సంఘాల మహిళలే గుర్తిస్తారు, మూలధనం అప్పుగా కాక సాయంగా ఇస్తారు. సంఘాలు కట్టడం మన దగ్గర నేర్చుకున్న రాష్ట్రం నుంచి ఇది మనం నేర్చుకోవచ్చు, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇప్పుడు కేంద్రం లఖ్‌పతి దీదీ అంటోంది. మూడు కోట్ల సంఘ మహిళల కుటుంబాలు ఏడాదికి లక్ష రూపాయలైనా సంపాదించాలన్నది లక్ష్యం. పేరు ఘనంగా ఉంది. అయిదుగురున్న ఇంట్లో లక్ష అంటే మనిషికి రోజుకు 55 రూపాయలు. లక్ష్యంగా పెట్టుకోవడం తప్పు కాదు, లక్షాధికారి అనడమే కాస్త ఎక్కువ.

ఇదంతా చదివి స్వయం ఉపాధి జోలికే పోవద్దని అర్థం చేసుకోవద్దు. చేతిలో పని ఉన్నవాళ్లకు, తమ సరుకు ఎవరు కొంటారో ముందే తెలిసినవాళ్లకు ఈ పథకాలు నిజంగా పనికొస్తాయి. పని నేర్చుకోవాలంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు (ఆర్‌సెటీలు) ఉన్నాయి. కర్ణాటకలో ధర్మస్థల దగ్గరి ఉజిరెలో 1982లో పుట్టిన శిక్షణ కేంద్రం నమూనాలో, వీటిని బ్యాంకులే జిల్లా జిల్లాకూ నడుపుతున్నాయి. భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం. చిన్న పరిశ్రమో సేవా కేంద్రమో పెట్టేవాళ్లకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామాల్లో 25 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకూ 35 శాతం సబ్సిడీ ఉంది. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ అవుతుంది. సబ్సిడీ చూసి యూనిట్ పెట్టేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

అప్పు తీసుకునే ముందు రాబడి లేని నెలల్లో కిస్తీ ఎక్కడినుంచి కడతారో కాగితం మీద రాసుకోండి. ఆ నెలల్లో కిస్తీకి విరామం ఇవ్వమని బ్యాంకును అడగండి, అడగడంలో తప్పులేదు. పశువు కొంటే బీమా కాగితంతో పాటు చెవి బిళ్ల నంబరు కూడా దాచుకోండి. ఈ పథకాలకు దరఖాస్తు చేయడానికి మధ్యవర్తి అక్కర్లేదు, ఎవరికీ కమీషన్ ఇవ్వాల్సిన పనిలేదు. ఎవరైనా అడిగితే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.